ఎర్ర లైటుకు పరుగు సరే.. పసుపు లైటు సంగతేంటి? గ్యాస్ మిషన్ సున్నా చూపిస్తే బాయి సేఫేనా?

మందమర్రి: మందమర్రి ఏరియాలో కేకే-5, శాంతిఖని, కాసిపేట.. ఇలా ఏ బాయిలో పనిచేసే కార్మికుడినైనా అడగండి. గ్యాస్ అలారం మోగితే ఏం చేయాలో ఠక్కున చెప్పేస్తాడు. పని ఆపాలి, కరెంట్ తీసేయాలి, మనుషుల్ని బయటికి తేవాలి. ఇప్పుడు ఇంకో ప్రశ్న. అదే మిషన్ మీద ఎరుపు కాకుండా పసుపు లైటు వెలిగితే? అసలు ఏ లైటూ వెలగకుండా స్క్రీన్ మీద 0.00 అని కనిపిస్తే?

ఈ రెండో ప్రశ్నకు జవాబు అంత సులువు కాదు. ప్రపంచంలో జరిగిన పెద్ద గ్యాస్ ప్రమాదాలను తిరగేస్తే చాలాచోట్ల అసలు గొడవ ఇక్కడే కనిపిస్తుంది. అలారం మోగినా వినలేదన్న కేసుల కంటే, అలారం మోగే పరిస్థితే లేకుండా పోయిందన్నవి ఎక్కువ కలవరపెడతాయి. మిషన్ ఉంది, వైర్లు ఉన్నాయి, రిజిస్టర్‌లో సంతకాలూ ఉన్నాయి. గ్యాస్ వచ్చినప్పుడు మాత్రం అది నోరు విప్పలేదు.

ఇప్పుడెందుకీ చర్చ?

రెండు కారణాలు. ఒకటి, 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలోని సిగాచి ఫ్యాక్టరీలో జరిగిన పేలుడు. 50 మందికి పైగా ప్రాణాలు పోయాయి. అప్పటి నుంచి తెలంగాణలో ఏ ఫ్యాక్టరీ పేరు ఎత్తినా 'సెన్సార్లు ఉన్నాయా, అలారం ఉందా' అన్న ప్రశ్న ముందుకొస్తోంది. ఇక్కడో మాట చెప్పుకోవాలి. సిగాచిలో జరిగింది పొడికి సంబంధించిన పేలుడు. గ్యాస్ డిటెక్టర్ పొడిని పట్టదు. 'గ్యాస్ సెన్సార్ పెడితే అన్నీ ఆగిపోతాయి' అనే మాట టీవీ డిబేట్లో బాగానే ఉంటుంది కానీ నిజం కాదు.

రెండోది చట్టం. నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. అందులో పని ప్రదేశంలో భద్రత, ఆరోగ్యానికి సంబంధించిన కోడ్ ప్రకారం.. తన భద్రతకు సంబంధించిన సమాచారం యాజమాన్యాన్ని అడిగే హక్కు ప్రతి ఉద్యోగికీ ఉంది. హక్కు ఉంది సరే, ఏం అడగాలో తెలియాలి కదా. అందుకే ఈ మిషన్ భాష ఏంటో కాస్త ఓపికగా చూద్దాం.

డబ్బా ఒకటి, ముక్కులు చాలా

గ్యాస్ డిటెక్షన్ కంట్రోలర్ అంటే పెద్ద బ్రహ్మపదార్థం ఏమీ కాదు. గని లోపలో, ప్లాంట్‌లోనో అక్కడక్కడా సెన్సార్లు ఉంటాయి. వాటిని ముక్కులు అనుకోండి. అవి వాసన చూసి కంట్రోల్ రూమ్‌లో ఉన్న డబ్బాకు కబురు పంపిస్తాయి. ఆ డబ్బానే కంట్రోలర్. అలారం కొట్టాలా, ఫ్యాన్ స్పీడ్ పెంచాలా, కరెంట్ కట్ చేయాలా అని తేల్చేది అదే.

ఆ కబురు చాలా చోట్ల కరెంట్ రూపంలో వెళ్తుంది. 4 మిల్లీ ఆంపియర్లు వస్తే గ్యాస్ సున్నా అని అర్థం. 20 వస్తే మీటర్ చివరికి వెళ్లిందని అర్థం. ఉదాహరణకు సెన్సార్ 0 నుంచి 5 శాతం మీథేన్ కొలిచేదైతే, 1.25 శాతం గ్యాస్ దగ్గర 8 మిల్లీ ఆంపియర్లు రావాలి.

మరి సున్నా గ్యాస్‌కు సున్నా కరెంట్ పెట్టొచ్చు కదా, 4 ఎందుకు? అసలు తెలివంతా ఇక్కడే ఉంది. పైకప్పు నుంచి రాయి పడి వైరు తెగిందనుకోండి. కరెంట్ సున్నా అవుతుంది. సున్నా గ్యాస్‌కూ సున్నా, తెగిన వైరుకూ సున్నా అయితే డబ్బాకు తేడా ఎలా తెలుస్తుంది? 'గ్యాస్ లేదు, అంతా బాగుంది' అని చూపిస్తూ కూర్చుంటుంది. అందుకే 4 దగ్గర మొదలుపెట్టారు. 4 కంటే బాగా తగ్గి, సాధారణంగా 3.6 కంటే కిందికి పోతే 'ఇది గ్యాస్ సంగతి కాదు, నా ముక్కుకే ఏదో అయింది' అని కంట్రోలర్ గుర్తుపడుతుంది. అప్పుడు వెలిగేదే పసుపు లైటు. అదే ఫాల్ట్.

అంటే పసుపు లైటుకు అర్థం 'చిన్న సమస్య' అని కాదు. 'ఈ జాగాలో గ్యాస్ ఉందో లేదో ఇప్పుడు నాకు తెలియదు' అని. ఎర్ర లైటు ప్రమాదం ఉందని చెబుతోంది. పసుపు లైటు నాకు కళ్లు కనిపించడం లేదని చెబుతోంది. బాయిలో ఈ రెండింట్లో ఏది ఎక్కువ భయపెట్టాలి? పసుపును ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా వదిలేయొచ్చనుకోవడం మాత్రం పెద్ద పొరపాటు.

ఎర్ర లైటులోనూ రెండు రకాలు

మామూలుగా ప్రతి సెన్సార్‌కూ రెండు మెట్లు పెడతారు. మొదటిది హెచ్చరిక. అప్పుడు గాలి పెంచాలి, కారణం వెతకాలి. రెండోది చర్య. మనుషులు బయటికి రావాలి, కరెంట్ పోవాలి.

మన బొగ్గు గనుల నిబంధనల్లో ఈ అంకెలు స్పష్టంగానే ఉన్నాయి. వాడేసిన గాలి తిరిగి వెళ్లే దారిలో, అంటే రిటర్న్‌లో మండే గ్యాస్ 0.75 శాతం దాటకూడదు. గనిలో ఏ చోటైనా 1.25 శాతానికి చేరితే అక్కడ కరెంట్ తీసేసి మనుషుల్ని వెనక్కి రప్పించాలి. మీథేన్ గాలిలో సుమారు 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. అంటే చట్టం 1.25 దగ్గరే ఆపమంటోంది. పేలుడు గీతకు నాలుగో వంతు దూరంలోనే.

ఇక్కడే ఒక గందరగోళం ఉంది. బొగ్గు బెల్ట్‌లో కాంట్రాక్ట్ పనులు చేసే కుర్రాళ్లకు ఇది బాగా పనికొచ్చే విషయం. గనిలో మీటర్ చూపించేది గాలిలో గ్యాస్ శాతం. అదే రామగుండం ఎరువుల ఫ్యాక్టరీలోనో, కెమికల్ ప్లాంట్‌లోనో, గ్యాస్ స్టేషన్‌లోనో మీటర్ చూపించేది ఎల్ఈఎల్ శాతం. ఎల్ఈఎల్ అంటే పేలుడు మొదలయ్యే గీత. దాన్నే 100గా తీసుకుని లెక్కేస్తారు. కాబట్టి గనిలో 1.25 అంటే అక్కడ 25. ప్లాంట్లలో రెండో మెట్టు 40 ఎల్ఈఎల్ దగ్గర పెట్టడం మామూలే. మీథేన్‌లో అది 2 శాతం. గని చట్టం ప్రకారమైతే ఆ పాటికి మనుషులు ఎప్పుడో బయటికి వచ్చేసి ఉండాలి. ఒకచోట '2' అంటే పరుగెత్తాలి, ఇంకోచోట '2' అంటే లెక్కలోకే రాదు. చేతిలో మీటర్ పట్టుకునే ముందు అంకె పక్కన ఏం రాసుందో చూసుకోవాలి అనేది ఇందుకే.

ఇంకో రెండు బటన్ల గురించి. ఒకటి ఎక్‌నాలెడ్జ్, రెండోది రీసెట్. మొదటిది నొక్కితే హారన్ ఆగుతుంది, లైటు అలాగే ఉంటుంది. 'విన్నాను, చూస్తున్నాను' అని చెప్పడం అన్నమాట. మంచి కంట్రోలర్‌లో రెండో మెట్టు అలారం ఒకసారి పడితే గ్యాస్ తగ్గినా దానంతట అది పోదు. మనిషి వచ్చి చూసి రీసెట్ చేయాల్సిందే. విసుగొచ్చి దీన్ని తిట్టుకునేవాళ్లు ఉంటారు. కానీ రాత్రి షిఫ్ట్‌లో రెండు నిమిషాలు గ్యాస్ వచ్చి పోయిందనుకోండి. పొద్దున వచ్చిన ఓవర్‌మెన్‌కు ఆ సంగతి తెలియాలంటే లైటు వెలుగుతూనే ఉండాలి కదా.

పసుపూ వెలగదు, ఎరుపూ వెలగదు.. అప్పుడేంటి?

ఇప్పటిదాకా చెప్పుకున్నది మిషన్ తన జబ్బును తానే పట్టుకునే సందర్భం. వైరు తెగితే, పవర్ పోతే, బ్యాటరీ దిగిపోతే, సెన్సార్ కాలిపోతే అది చెప్పగలదు. మంచి సిస్టమ్‌లో ఫాల్ట్ రిలే ఎప్పుడూ కరెంట్‌తో పట్టి ఉంచినట్టే ఉంటుంది. కరెంట్ పోతే అదే వదిలేసి హెచ్చరిక ఇస్తుంది. అంటే డబ్బా చచ్చిపోయినా ఆ సంగతి బయటికి తెలుస్తుంది.

కానీ కొన్ని జబ్బులు దానికి తెలియవు. భయపడాల్సింది వీటికే.

మీథేన్ పట్టడానికి ఎక్కువగా వాడే సెన్సార్ పేరు పెల్లిస్టర్. దీన్ని తయారుచేసిందే బొగ్గు గనుల కోసం. బ్రిటన్‌లో గని భద్రతా పరిశోధకుల పని అది. లోపల ఒక చిన్న పూస వేడిగా ఉంటుంది. మీథేన్ తగిలితే ఆ పూస మీద నిప్పు లేకుండానే మండి ఇంకా వేడెక్కుతుంది. ఆ వేడి తేడాను కొలిచి గ్యాస్ ఎంతో చెబుతుంది. సింపుల్, చవక, గట్టిది. కానీ సిలికాన్ ఉన్న గ్రీజు ఆవిరో, స్ప్రేనో, హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటి గ్యాసో తగిలితే పూస మీది పూత చచ్చిపోతుంది. దీన్ని విషం ఎక్కడం అంటారు. విషం ఎక్కిన పూసలో కరెంట్ మామూలుగానే పోతుంది. వైరు బాగుంది, పవర్ ఉంది, 4 మిల్లీ ఆంపియర్లు వస్తున్నాయి. కంట్రోలర్ దృష్టిలో అంతా ఓకే. స్క్రీన్ మీద 0.00. పచ్చ లైటు. గ్యాస్ వచ్చి ముందు నిలబడినా అదే 0.00.

పెల్లిస్టర్‌కు ఇంకో బలహీనత ఉంది. మండాలంటే దానికీ ఆక్సిజన్ కావాలి. మూసేసిన ప్యానెల్ వెనక ఆక్సిజన్ బాగా తగ్గిపోయి, మీథేన్ నిండా ఉన్నప్పుడు ఇది తక్కువ చూపిస్తుంది. గ్యాస్ ఎక్కువయ్యే కొద్దీ అంకె పైకి వెళ్లి, ఆ తర్వాత మళ్లీ కిందికి దిగుతుంది! అందుకే మీటర్ ఒక్కసారి చివరికి కొట్టి, తర్వాత సున్నాకు వచ్చిందంటే గ్యాస్ పోయిందని సంబరపడకూడదు. మంచి మీటర్లు అలా చివరికి కొట్టిన వెంటనే అక్కడే లాక్ అయిపోతాయి, ఇందుకే.

ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్‌కు విషం ఎక్కదు, ఆక్సిజన్ అక్కర్లేదు. కానీ అది హైడ్రోజన్‌ను చూడలేదు. అద్దం మీద బొగ్గు దుమ్ము పేరుకుంటే ఫాల్ట్ కొడుతుంది. బొగ్గు గనిలో దుమ్ము లేకుండా ఎలా? కాబట్టి తుడవడమే ఒక పని.

విషం ఎక్కిన పెల్లిస్టర్‌ను పట్టుకోవడానికి ఉన్న దారి ఒక్కటే. తెలిసిన మోతాదులో గ్యాస్ ఉన్న చిన్న సిలిండర్ తెచ్చి సెన్సార్ మీద ఊదాలి. అంకె పైకి లేవాలి, అలారం మోగాలి. దీన్ని బంప్ టెస్ట్ అంటారు. నిమిషం పని. స్క్రీన్ చూసి రిజిస్టర్‌లో '0.00, ఓకే' అని రాయడం టెస్ట్ కాదు. చచ్చిన సెన్సార్ కూడా సరిగ్గా అదే చూపిస్తుంది.

పైక్ రివర్: 29 మంది, పని చేయని ఒక సెన్సార్

న్యూజిలాండ్‌లోని పైక్ రివర్ బొగ్గు గని. 2010 నవంబర్ 19న మీథేన్ పేలింది. 29 మంది చనిపోయారు. తర్వాత వేసిన రాయల్ కమిషన్ రిపోర్టు చదివితే గుండె బరువెక్కుతుంది. పేలుడుకు ముందు 48 రోజుల్లో గ్యాస్ పేలే స్థాయికి చేరిందని 21 సార్లు, అంతకంటే తక్కువైనా ప్రమాదకర స్థాయికి చేరిందని 27 సార్లు రిపోర్టులు వచ్చాయి. అంటే సగటున రోజుకొకటి. గాలి బయటికి వెళ్లే షాఫ్ట్ అడుగున ఉన్న మీథేన్ సెన్సార్ అప్పటికి వారాల తరబడి పని చేయడం లేదు. దాన్ని మార్చలేదు.

48 రిపోర్టులు రాసినవాళ్లు కింద పనిచేసే మనుషులే. వాళ్లు తమ పని తాము చేశారు. రాసిన కాగితం పైకి వెళ్లి ఎక్కడ ఆగిందన్నదే ప్రశ్న. మన గనుల్లో ఓవర్‌మెన్, సర్దార్ రాసే రిపోర్టులకూ ఇదే ప్రశ్న వేయొచ్చు.

నిద్ర పాడవుతుందని అలారం ఆపేశారు

ఇంకో రకం ఉంది. మిషన్ బాగుంది. మనిషే నోరు నొక్కాడు.

చాలా కంట్రోలర్లలో ఇన్‌హిబిట్ అనే సౌకర్యం ఉంటుంది. బంప్ టెస్ట్ చేస్తున్నప్పుడు ప్లాంట్ మొత్తం ఆగిపోకుండా కాసేపు అలారంను పక్కన పెట్టడానికి. అవసరమైన సౌకర్యమే. పని అయ్యాక తిరిగి ఆన్ చేయకపోతేనే చిక్కు. అప్పుడు సెన్సార్ గ్యాస్ చూస్తుంది, అంకె కూడా పెరుగుతుంది, కానీ హారన్ మోగదు, కరెంట్ కట్ అవ్వదు.

2010 ఏప్రిల్ 20న అమెరికాలో డీప్‌వాటర్ హొరైజన్ ఆయిల్ రిగ్ పేలి 11 మంది చనిపోయారు. దర్యాప్తులో రిగ్ టెక్నీషియన్ ఒకరు చెప్పిన మాట అప్పట్లో ప్రపంచమంతా మోగింది. జనరల్ అలారంను ఇన్‌హిబిట్‌లో పెట్టారట. ఎందుకంటే రాత్రుళ్లు తప్పుడు అలారాలు మోగి నిద్ర లేపుతున్నాయని. అంతకు 15 రోజుల ముందు, ఏప్రిల్ 5న అదే దేశంలో అప్పర్ బిగ్ బ్రాంచ్ బొగ్గు గనిలో పేలుడు, 29 మంది మృతి. ఆ గనిలో పేలుడుకు ముందు ఒక మిషన్ మీద మీథేన్ మానిటర్ పని చేయకుండా వైర్లు మార్పించానని అక్కడి అధికారి ఒకరు తర్వాత కోర్టులో ఒప్పుకున్నాడు. గ్యాస్ వస్తే మిషన్ ఆగాలి. మిషన్ ఆగితే బొగ్గు ఆగుతుంది. అందుకని మానిటర్‌నే పక్కన పెట్టారు.

వినడానికి దారుణంగా ఉంది కానీ టార్గెట్ ఉన్న ప్రతి చోటా ఈ ఒత్తిడి ఉంటుంది. అలారం రోజుకు పదిసార్లు ఊరికే మోగితే పదకొండోసారి ఎవరూ తల ఎత్తి చూడరు. తప్పు వినేవాడిదే అనలేం. పదిసార్లు ఊరికే ఎందుకు మోగిందో వెతకనివాళ్లదీ వాటా ఉంది.

సింగరేణిలో మోసం చేసే అలారాలు

బొగ్గు గనిలో ఊరికే మోగే అలారాలకు కారణాలు వెతికితే చాలానే దొరుకుతాయి. షాట్‌ఫైరింగ్ అయ్యాక వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. మీటర్ ఎగురుతుంది, గాలి తగిలాక దిగుతుంది. బ్యాటరీలు చార్జింగ్ పెట్టే చోట హైడ్రోజన్ వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ సెన్సార్ చాలాసార్లు హైడ్రోజన్‌ను చూసి తన గ్యాసే అనుకుంటుంది. డీజిల్ బండి పక్క నుంచి వెళ్లినా అంతే.

అయితే మన దగ్గర కార్బన్ మోనాక్సైడ్‌ను తేలిగ్గా తీసుకునే పరిస్థితి లేదు. సింగరేణి బొగ్గుకు తనంతట తానే వేడెక్కే గుణం ఉంది. తీసేసిన జాగాలో మిగిలిన బొగ్గు గాలి తగిలి నెమ్మదిగా వేడెక్కుతుంది. వదిలేస్తే రాజుకుంటుంది. అందుకే పని అయిపోయిన ప్యానెళ్లకు గోడలు కట్టి మూసేస్తారు. ఈ వేడి మొదలైందని చెప్పే మొదటి గుర్తు కార్బన్ మోనాక్సైడే. దానికి రంగు లేదు, వాసన లేదు.

పరిమితి 50 పీపీఎం. అంటే గాలిలో 0.005 శాతం. కంట్రోలర్ ఆ గీత దగ్గర మోగుతుంది. కానీ లోపల వేడెక్కడం మొదలైనప్పుడు అంకె ఒక్కసారిగా 50కి ఎగరదు. ఈ వారం 6, వచ్చే వారం 9, ఆ తర్వాత 14. ఒక్క లైటూ వెలగదు. మోగకుండా పెరుగుతున్న ఈ గీతను చూడాల్సింది మనిషే. అందుకే గని ఇంజినీర్లు గ్రహామ్ నిష్పత్తి అని ఒక లెక్క వేస్తారు. ఎంత ఆక్సిజన్ ఖర్చయింది, దానికి ఎంత కార్బన్ మోనాక్సైడ్ పుట్టింది అని. స్థూలంగా 1 దాటితే లోపల వేడెక్కుతోందని, 3 దాటితే నిప్పు ఉందని అనుమానిస్తారు. గాలి ఎక్కువ వదిలి అంకెను పలచన చేసినా ఈ నిష్పత్తి పెద్దగా మోసపోదు.

ఇది వదిలేస్తే ఏమవుతుందో దేశం చూసింది. 1994 జనవరి 25న పశ్చిమ బెంగాల్‌లోని న్యూ కెండా గనిలో మంటలు. 55 మంది చనిపోయారు. 2010 మే 6న ఛత్తీస్‌గఢ్‌లోని అంజన్ హిల్ గనిలో పేలుడు. 14 మంది. మధ్యలో 2006 సెప్టెంబర్ 6న జార్ఖండ్‌లోని భట్‌దీలో పేలుడు, 50 మంది. మందమర్రిలో బొగ్గు గని కుటుంబాలకు ఈ పేర్లు కొత్త కావు.

విశాఖలో సెన్సార్ నిజమే చెప్పింది.. కానీ చోటు తప్పు

సెన్సార్ బాగుండటం ఒకటి. సరైన చోట ఉండటం ఇంకొకటి. మీథేన్ గాలి కంటే తేలిక, కప్పు కిందికి చేరుతుంది. సెన్సార్ నడుము ఎత్తులో పెడితే గ్యాస్ నెత్తి మీద నుంచి పోతుంది. వంట గ్యాస్, హైడ్రోజన్ సల్ఫైడ్ బరువు, కిందికి దిగుతాయి. అమ్మోనియా తేలిక. కార్బన్ మోనాక్సైడ్ దాదాపు గాలి బరువే, గాలి ఎటు పోతే అటు పోతుంది.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్ఆర్ వెంకటాపురం పక్కన ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంక్ నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు. ఆ ట్యాంక్‌కు ఉష్ణోగ్రత చూసే ఏర్పాటు ఉంది. కానీ అడుగున. చల్లబరిచే ఏర్పాటు ప్రభావం ఉండేదీ అక్కడే. పైన, మధ్యలో స్టైరీన్ వేడెక్కుతుంటే చూసే కన్ను లేదు. కంట్రోల్ రూమ్‌లో కనిపించిన అంకె అబద్ధం కాదు. అది ట్యాంక్ మొత్తానిది కాదు, అంతే.

రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ బయటపెట్టిన ఇంకో విషయం ఇంకా బాధాకరం. సైరన్ మోగించడానికి ప్లాంట్‌లో 36 చోట్ల ఏర్పాటు ఉంది. గేటు దగ్గర కూడా. ఆ రాత్రి ఒక్కటీ మోగలేదు. ఊళ్లో జనం లేచింది సైరన్‌కు కాదు, ఊపిరాడకే.

ఇక్కడ ఆఫీసు సంగతి ఒకటి చెప్పాలి. సైరన్ మోగిన వీడియోకు విజువల్ ఉంటుంది, సౌండ్ ఉంటుంది, అందరూ చూస్తారు. మోగని సైరన్‌కు వీడియో ఉండదు. పసుపు లైటుకు అసలే ఉండదు. వార్తల్లో ఇది వెనకపడటానికి అదో కారణం.

అడగాల్సినవాళ్లు ఎవరు?

గనుల్లో దీనికి వ్యవస్థ కొత్తగా పుట్టించాల్సిన పని లేదు. మైన్స్ రూల్స్ 1955 ప్రకారం 100 మందికి పైగా పనిచేసే గనిలో సేఫ్టీ కమిటీ ఉండాలి. 500, అంతకు మించి ఉంటే కార్మికుల తరఫున వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్ ఉండాలి. ఈయన గనిలో తిరిగి చూసి రిజిస్టర్‌లో రాయొచ్చు. ఆ రాత మీద మేనేజర్ జవాబు చెప్పాలి. పైన డీజీఎంఎస్ ఉండనే ఉంది.

ఈ కమిటీ మీటింగుల్లో గ్యాస్ సెన్సార్ల మీద ప్రశ్న అంటే 'అన్నీ పని చేస్తున్నాయా?' 'చేస్తున్నాయి సార్' తో అయిపోకూడదు. ఫాల్ట్ లాగ్ చూపించమనాలి. మంచి కంట్రోలర్ ఏ సెన్సార్ ఎప్పుడు ఫాల్ట్‌లోకి వెళ్లింది, ఎప్పుడు బాగుపడింది అనేది టైమ్‌తో సహా దాచుకుంటుంది. పోయిన నెలలో ఒక్కో సెన్సార్ ఎన్ని గంటలు గుడ్డిగా ఉందో ఆ కాగితం చెబుతుంది. ఆ గంటల్లో అక్కడ మనుషులు పనిచేశారా? చేస్తే చేతి మీటర్‌తో ఎవరు చూశారు? ఇన్‌హిబిట్‌లో ఎన్నిసార్లు పెట్టారు, ఎవరు తీశారు? బంప్ టెస్ట్ చివరిసారి ఏ తేదీన, ఆ గ్యాస్ సిలిండర్ ఎక్స్‌పైరీ ఎప్పుడు? అవును, దానికీ ఎక్స్‌పైరీ ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్ సెన్సార్లయితే లోపలి ద్రవం ఎండిపోయి రెండు మూడేళ్లకు మార్చాల్సి వస్తుంది. తయారైన తేదీ దాని మీదే ఉంటుంది.

వీటికి జవాబులు దాచుకోవాల్సినంత రహస్యాలు కావు. బాగా నడిచే గనిలో అయితే పది నిమిషాల్లో ప్రింట్ తీసి ఇచ్చేస్తారు.

కాంట్రాక్ట్ కార్మికుల సంగతి వేరు. వాళ్లు ఈరోజు గనిలో, రేపు ఇంకో ప్లాంట్‌లో. సేఫ్టీ కమిటీలో వాళ్ల మనిషి ఉంటాడో లేదో. కొత్త కోడ్ సమాచారం అడిగే హక్కు ఉద్యోగి అందరికీ ఇచ్చింది. ప్రాణాపాయం ఉందని గట్టిగా అనిపిస్తే యాజమాన్యానికీ, అదే సమయంలో ఇన్‌స్పెక్టర్‌కూ చెప్పొచ్చని రాసింది. రేపటి పని మీద భయం ఉన్నవాడు ఆ హక్కు ఎంతవరకు వాడతాడన్నది మాత్రం కోడ్ చేతిలో లేదు, కాంట్రాక్టర్ చేతిలో ఉంది.

బ్రిటన్ గనుల్లో 1986 దాకా కానరీ పిట్టల్ని వాడారు. కార్బన్ మోనాక్సైడ్ వస్తే మనిషి కంటే ముందే పిట్ట కొమ్మ మీద నుంచి పడిపోయేది. ఆ తర్వాత వాటి స్థానంలో ఎలక్ట్రానిక్ డిటెక్టర్లు వచ్చాయి. పిట్టతో ఒక సౌకర్యం ఉండేది. అది బతికుందో లేదో తెలుసుకోవడానికి లాగ్ అక్కర్లేదు, పంజరం వైపు చూస్తే చాలు. ఇప్పటి డబ్బాకు మాత్రం గ్యాస్ ఊది చూడాలి.